బెండు తీసిన చెయ్యి

“నీ సైకిలు ఒక మేడంకు ఇచ్చిన. ఆమెది బస్సు డిక్కీల ఇరుక్కుని ఇరిగిందట,” అన్నాడు రెహాన్, బ్రష్షు నోట్లో పెట్టుకునే.

బగారన్నంలోకి ఉల్లిగడ్డలు కోస్తున్న జబీన్ చెయ్యి ఆగింది. తెల్లారి ఐదు దాటింది. నలభై మంది ఆడవాళ్లు బస్టాండు దగ్గరి లాడ్జిలో లేచి తయారవుతున్నారు. ఆరున్నరకల్లా బయల్దేరి మన్ననూరు ఘాటెక్కి, నల్లమల అడవిలోంచి కృష్ణ దాకా సైకిళ్ల మీద పోతారు. వాళ్లతో పాటు తొక్కాల్సిన నలభై ఒకటో మనిషి జబీన్. నిన్న సాయంత్రం దాకా అదే మాట. రాత్రి అన్నం దగ్గర “వంటాయన రానన్నడు, జర నువ్వే చెయ్యి” అని మొగుడు రెహాన్ అన్నప్పుడు కూడా, వండిపెట్టి తొక్కుదాంలే అనుకుంది. ఎంత పిచ్చిది!

“గది నాది కదా,” అంది.

“నీదంటే? దుకాణంల ఉన్న సామాను నీదీ నాదీ అని ఉంటదా? ట్రాలీల కూసొని రా. నువ్వే తొక్కనన్నవని దీపిక మేడంకు చెప్పిన. నువ్వు సైకిలు తొక్కుకుంట పోతే నలభై మందికి ఎవరు వడ్డిస్తరు, మా అమ్మనా?”

వరండాలో నమాజు చాప మడుస్తున్న అత్త జహీరున్నీసా తలెత్తి, “నన్నెందుకు గుంజుతవ్‌రా నడిమిట్ల?” అంది. వారం నుంచి ఆమె అంటూనే ఉంది. “ముప్పై ఐదేండ్ల ఆడిది, ఇంత పోరిని పెట్టుకొని అడివిల తొక్కుతదట. అచ్చంపేటంత చూడనీ!” ఈ పూట మాత్రం కోడలి మొహం చూసి నోరు కట్టేసుకుంది. జబీన్‌కి ఆ జాలి ఇంకా మండింది.

అచ్చంపేటలో రెహాన్ సైకిలు దుకాణం అంటే ఇప్పుడు హైదరాబాదు వాళ్లకు కూడా తెలుసు. మూడేళ్ల కింద సిటీ వాళ్లు ఈ దారి కనిపెట్టారు. సన్న టైర్ల సైకిళ్లు, నెత్తిన హెల్మెట్లు, చేతికి టైం చెప్పే గడియారం కాదు, గుండె కొట్టుకోవడం లెక్కబెట్టే గడియారం. ఘాటు మలుపుల్లో గుంతలకు చక్రాలు వంగిపోతాయి. వంగిన చక్రం రెహాన్ దగ్గరికొస్తుంది. రెహాన్ దాన్ని లోపలి గదిలో పెడతాడు. గంట తర్వాత అది బయటికొస్తుంది, గిర్రున తిప్పితే వెంట్రుకవాసి ఊగదు. “రెహాన్ భాయ్, నీ చేతిలో ఏదో ఉందయ్యా!” అంటారు వాళ్లు. ఆయన చేతిలో ఏమీ లేదు. ఆయన చెయ్యి పడితే చక్రం పుల్ల బిగిసి బిగిసి టప్పున తెగుతుంది. ఓపిక లేని చెయ్యి. లోపలి గదిలో ఒక పక్క పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, ఇంకో పక్క నేల మీద కూర్చుని ఒక్కొక్క పుల్లనూ గోటితో మీటి, ఆ చప్పుడు విని, చిన్న పానాతో పావు తిప్పు తిప్పే మనిషి సంగతి ఎవరికీ తెలియదు.

ఆమెకు ఆ పని గద్వాలలో తండ్రి ఇమామ్ సాహెబ్ నేర్పాడు. మగ్గాల గల్లీ మొదట్లో ఆయన దుకాణం. చీరల మూటలు కట్టుకుని తిరిగే సైకిళ్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయనదొక పట్టింపు. చక్రం బెండు తీసినవాళ్లే ఎక్కి తొక్కి చూసి ఇవ్వాలి. ఇంకొకళ్లను ఎక్కించి చూడటం ఆయన దృష్టిలో దొంగపని. అట్లా తొమ్మిదేళ్ల జబీన్ ఫ్రేములోంచి అడ్డంగా కాలు పెట్టి ఊరి సైకిళ్లన్నీ కోట గోడ దాకా తొక్కి తిరిగొచ్చేది. పదమూడో ఏట తల్లి తొక్కుడు మాన్పించింది. చక్రం పని మాత్రం ఎవరూ మాన్పించలేదు. పెళ్లయి పదహారేళ్లు. ఆమె బాగు చేస్తుంది, రెహాన్ బజార్లోకి తీసుకుపోయి తొక్కి చూస్తాడు. ఎన్ని వందల చక్రాలు ఆ అడవిలోకి పోయి కృష్ణను చూసి వచ్చాయో! ఆమె మన్ననూరు కూడా దాటలేదు. మొదట్లో ఒకటి రెండుసార్లు తీసుకుపొమ్మని అడిగింది కూడా. “ఏముంది గాడ? చెట్లు, కోతులు,” అనేవాడు రెహాన్.

పోయిన ఆదివారం దీపిక మేడం వచ్చింది. ఈ రైడ్లు నడిపించేది ఆమే. “భాయ్, వచ్చేవారం అంతా ఆడవాళ్లమే. ఇక్కడి అమ్మాయిలు కూడా ఒకరిద్దరు వస్తే ఎంత బాగుంటుందో!” అంది. చాయ్ తెచ్చిన జబీన్ నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

“నేనొస్త మేడం.”

రెహాన్ ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వాడు. “ఆఁ, వస్తది. ఎందుకు రాదు? మా ఇంట్ల గట్లాంటి కట్టుబాట్లేం లేవు మేడం.” ఆమె పోయాక కూడా వద్దనలేదు. అదే జబీన్ చేసిన తప్పు. వద్దనకపోవడాన్ని సరేననడం అనుకుంది. ఏడు మధ్యాహ్నాలు, ఆయన తిని పడుకున్నప్పుడల్లా, మూలన పడున్న పాత ఫ్రేము ఒకటి తీసి తుడిచింది. రెండు చక్రాలకూ పుల్లలు కొత్తగా అల్లింది. ఒంటిపూట బడి నుంచి వచ్చిన పన్నెండేళ్ల కూతురు తబస్సుమ్ పక్కన కూర్చుని, పుల్లల చివర బిగించే నిప్పళ్లు అందించేది. ఏడో రోజు ఇంటి వెనక సందులో పది అడుగులు తొక్కింది. ఆ తర్వాత గోడ. ఆ పది అడుగులకే ఆమె ఒళ్లంతా నవ్వింది.

ఇప్పుడు ట్రాలీ ఆటోలో ముందు డ్రైవరు పక్కన రెహాన్, వెనక వంట గంజుల మధ్య జబీన్, తబస్సుమ్. వెనక్కి మొహం పెట్టి కూర్చున్నారు. ఘాటంతా ఆమెకు అట్లాగే కనిపించింది. అందరికీ ఎదురొచ్చే మలుపు ఆమెకు దాటిపోయాకే తెలిసింది. హాజీపూర్ దాటాక ఎక్కుడు మొదలైంది. ఆడవాళ్లు సీటు మీద నుంచి లేచి నిలబడి, పళ్లు బిగించి తొక్కుతున్నారు. యాభై దాటిన ఒకావిడ దిగి సైకిలు నడిపిస్తూ, “దీని తాడు తెగ, ఎవడేశాడే ఈ రోడ్డు!” అని తిడుతూ పకపకా నవ్వుతోంది. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. వాళ్ల మధ్య జబీన్ సైకిలు కూడా ఎక్కుతోంది. దాని మీద పచ్చ చొక్కా పిల్ల. చక్రం ఎంత నిక్కచ్చిగా తిరుగుతోందో ట్రాలీలోంచే తెలుస్తోంది. దాన్ని చూసి కుళ్లుకోవాలా, మురిసిపోవాలా జబీన్‌కి అర్థం కాలేదు. ఒడిలో పప్పు దాల్చా గంజు ఒలకకుండా పట్టుకుని కూర్చుంది.

వటవర్లపల్లి ఊరు దగ్గరపడగా పచ్చ చొక్కా పిల్ల గుంతలో పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. ముందు చక్రం వంకర పోయింది. ఊళ్లో అరటిపళ్ల కోసం ఆగినప్పుడు రెహాన్ అందరి ముందూ దాన్ని పట్టుకుని పది నిమిషాలు తిప్పాడు. పానా బిగిస్తుంటే జబీన్ ట్రాలీలో పళ్లు నూరుకుంటోంది. అటు కాదు, అటు కాదు. టప్. ఒక పుల్ల తెగింది. చుట్టూ ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు.

“సామాను ట్రాలీల ఉన్నది. ఐదు నిమిషాలు,” అన్నాడు రెహాన్. చక్రం తెచ్చి లోపలికి తోసి, టార్పాలిన్ పరదా దించేశాడు. దించుతూ గొంతు తగ్గించి, “జల్దీ. ఇజ్జత్ కా సవాల్,” అన్నాడు.

ఎవరి ఇజ్జత్, ఎవరి పరువు? అడగాలనిపించింది. కానీ ఆ చక్రాన్ని అట్లా వంకరగా చూస్తూ ఉండలేకపోయింది, అదీ ఆమె బలహీనత. గంజుల మధ్య, ఉక్కలో, అన్నం ఆవిర్లలో, తబస్సుమ్ ఇరుసు పట్టుకుంటే జబీన్ కొత్త పుల్ల ఎక్కించి మీటుకుంటూ పోయింది. సగంలో ఉండగా టార్పాలిన్ పైకి లేచింది.

దీపిక. నీళ్ల సీసా కోసం వచ్చింది. జబీన్ చేతుల్లోని చక్రం చూసింది, నల్లగా ఉన్న వేళ్లు చూసింది, పానా చూసింది.

“మీరా!” అంది. “అన్ని చక్రాలూ… మీరేనా చేసేది?”

 పదహారేళ్లలో ఒక్కరు, ఒక్కసారి, అడిగారు. అవునని అనబోయింది. నేనే, మా అబ్బా నేర్పిండు, ఈ సైకిలు నాది, నేను తొక్కాల్సింది అని మొత్తం చెప్పేసేదే.

“నేనే నేర్పిన మేడం,” అన్నాడు రెహాన్, దీపిక భుజం వెనక నుంచి. “ఆడోళ్లు కూడా నేర్సుకోవాలె అంట నేను. ఖాళీగ ఎందుకు కూసునాలె ఇంట్ల?”

దీపిక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, పాపం ఆమె మంచిదే. అందరినీ పిలిచింది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది. మధ్యలో చక్రం. ఫొటోలు తీశారు. “భార్యకు ఇలాంటి పని నేర్పించే మగవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి! జబీన్ గారూ, మీరు చాలా అదృష్టవంతులు,” అంది. నలభై మంది ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. రెహాన్ కోసం.

జబీన్ నవ్వింది. ఫొటోలో బాగానే వచ్చిందని తర్వాత చెప్పారు.

కృష్ణ ఒడ్డున ఆమె అన్నం వడ్డించింది. నీళ్లు ఎట్లా ఉన్నాయో చూడటానికి తలెత్తితే ఎవరో ఒకరు దాల్చా అడిగారు. పచ్చ చొక్కా పిల్ల వచ్చి, “అక్కా, మీ పాప చెప్పింది, మీ సైకిలట కదా! నాకు తెలీదక్కా. ఇప్పుడు కాసేపు తొక్కుతారా?” అంది. జబీన్ ఏదో అనేలోపే రెహాన్, “ఏడ తొక్కుతది, గంజులు కడగాలె. చీకటి పడకముందు అడివి దాటాలె,” అన్నాడు. అన్నం మెతుకుల చేతులు చూసుకుని జబీన్ కూడా, “మళ్లెప్పుడన్న తియ్యమ్మా,” అంది. మళ్లెప్పుడూ ఉండదని ఆ పిల్లకు తప్ప అక్కడ అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున రెహాన్ మంచి హుషారు మీద ఉన్నాడు. ఫొటో ఎన్ని వందల మంది చూశారో తల్లికి చూపిస్తున్నాడు. “ఇంక నెలకు రెండు రైడ్లు ఇస్తరట. వంట, చక్రం రెండూ ఈమెనే చూసుకుంటదని చెప్పిన. మొగోణ్ని పెట్టుకుంటే పైసలియ్యాలె, ఈమెకేం?”

“మరి ఇంటి పని?” అంది జహీరున్నీసా.

“పోరి లేదా? పన్నెండేండ్లొచ్చినయి. చక్రం పనిల కూడా కూసోబెడదం. రెండు చేతులైతయి.”

ఆ మాటలు వింటూనే లోపలి గదిలో జబీన్ కొత్తగా వచ్చిన చక్రం ముందేసుకుని కూర్చుంది. పక్కన బడి బట్టల్లో తబస్సుమ్, సంచీ భుజానికి వేసుకునే, పుల్లల మీద వేలు పోనిచ్చింది. ఒక్కొక్కటే మీటింది. తలొంచి విన్నది. పదకొండో పుల్ల దగ్గర ఆగింది.

“అమ్మీ, గిది లూజున్నది కదా?”

జబీన్ మీటి చూడనక్కర్లేదు. ఆమె కూడా అదే విన్నది. అన్ని పుల్లల్లో పదకొండోది, అరపావు తిప్పు లూజు. ఆమెకు అది పట్టుబడటానికి ఇమామ్ సాహెబ్ దగ్గర రెండేళ్లు పట్టింది. ఎవరూ చెప్పకుండా వచ్చింది పిల్లకు. ఆ చిన్న వేళ్లను పట్టుకుని కళ్లకద్దుకోవాలనిపించింది. గద్వాలకు ఫోన్ చేసి, అబ్బా, నీ మనుమరాలికి వచ్చింది అని అరవాలనిపించింది.

“ఏంది, ఏం చెప్తున్నది పోరి?” అంటూ రెహాన్ గుమ్మంలోకి వచ్చాడు. “వస్తున్నదా దానికి పని?”

తబస్సుమ్ వెలిగే మొహంతో తల్లి వైపు చూసింది.

“లేదు,” అంది జబీన్, కూతురి కళ్లల్లోకి చూస్తూనే. “దీనికి చెవి లేదు. ఎంత నేర్పినా ఈ పని రాదు దీనికి.”