వీపు లేని బొమ్మలు

ఇల్కా బొమ్మల్లో మనుషులకు వీపు ఉండేది కాదు. బుడాపెస్టులో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి, న్యూయార్కులో దిగాక టోపీల దుకాణం ప్రకటనలు వేసి, చివరికి బ్రాడ్‌వే పక్కన మేం నాటకాల దుస్తులు కుట్టే చోట తేలింది. రంగుల్లో ఆమెకు తిరుగులేదు. కానీ గుడ్డ కత్తిరించే నాకు ప్రతి దుస్తుకూ రెండు బొమ్మలు కావాలి, ముందొకటి, వెనకొకటి. ఆమె ముందుది మాత్రమే తెచ్చేది. వెనక ఎలా ఉండాలో నోటితో చెప్పి వెళ్ళిపోయేది.

"ఏమ్మాయ్, మీ ఊళ్ళో మనుషులకి వీపులుండవా?" అని ఏడిపించేదాన్ని.

"ఉంటాయి ఫిలొమేనా. నాకు వెయ్యాలనిపించదు, అంతే."

ఎందుకనిపించదు? చెప్పదే! మా నేపుల్స్ వాళ్ళకు ఆరా తీయడం పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ సంగతి తెలిసేదాకా నాకు అన్నం సహించేలా లేదు.

అంతలో గారిటీ అనే నిర్మాత ఆమెకు మొదటిసారి నాటకం మొత్తానికి దుస్తుల బొమ్మలు వేసే పని అప్పగించాడు. మెప్పిస్తే ఆమె పేరు గోడపత్రిక మీద పడుతుంది. లేదంటే మళ్ళీ ఆ టోపీలే గతి. కథానాయిక ఆస్తంతా పోయినా దర్జా వదలని వితంతువు. చివర్లో ప్రేక్షకులకు వీపు చూపిస్తూ తలుపు దాకా నడిచి వెళ్ళిపోతుంది. ఆ గౌనుకు ఇల్కా ఎర్ర మఖమల్, బంగారు జరీలతో బొమ్మ వేసి తెచ్చింది. చూస్తే కళ్ళు చెదిరాయి.

"మరి వెనకో?"

"పిండి సంచి గుడ్డ."

"మతి పోయిందా? గారిటీ నిన్ను బతకనిస్తాడా?"

"నువ్వు కత్తిరించు."

గొణుక్కుంటూనే కత్తిరించాను.

నాటకం మొదలయ్యే ముందు నటులు దుస్తులు వేసుకుని దీపాల కింద ఒక్కొక్కరే నడిచి చూపించడం ఆనవాయితీ. ఆ గౌనులో నటి రాగానే గారిటీ మొహం వెలిగిపోయింది. "తిరుగమ్మా" అన్నాడు. ఆమె తిరిగింది. నటులంతా పక్కుమన్నారు.

"ఏంటిది? గుడ్డ చాల్లేదా, బుర్ర చాల్లేదా?" గారిటీ అరిచాడు. "మూట సర్దుకో పిల్లా!"

ఇల్కా కదల్లేదు.

"ఆ వితంతువుకి ముందువైపుకే డబ్బుందండీ," అంది. "నేను ఓడ దిగినప్పుడు నాకూ అంతే. మా అమ్మ మఖమల్ తెర చింపి కోటు కుట్టింది. ముందుకే సరిపోయింది. వెనక పిండి సంచి. గోడకి ఆనుకునే నిలబడ్డాను, ఎవరికీ కనబడకూడదని. రేవులో తనిఖీ చేసే అధికారి తిరగమన్నాడు."

"తిరిగావా?" అడిగాడు గారిటీ.

"తిరిగాను. మళ్ళీ తిరగమన్నాడు. వరసలో వాళ్ళందరూ నవ్వారు, ఇప్పుడు వీళ్ళు నవ్వినట్టే."

నాకు ఏడుపు ఆగలేదు. ఇదా నేను ఇన్నాళ్ళూ సరదాగా కెలికింది!

గారిటీ కాగితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. "పేరు రాసివ్వు, గోడపత్రికకి," అన్నాడు ఇల్కాతో. తర్వాత నటి వైపు తిరిగాడు.

"తలుపు దాకా తొందరపడి నడవకమ్మా. అందర్నీ చూడనీ."