అర అంగుళం

మా ఆయనకు కోపం రావడం అరుదు. వచ్చిందంటే ఎవరో ఒకరు ఆయన నడుము గురించి మాట్లాడారన్నమాటే.

ఆ రోజు మాట్లాడింది డాక్టరమ్మ. అరవై దాటాక గుండె పరీక్ష చేయించుకోవాలని మా అమ్మాయి ఫోనులో జోరీగలా పోరుతుంటే పడలేక వెళ్లాం. ఆవిడ బీపీ చూసింది, ఈసీజీ తీయించింది, చివరికి టేపు తెచ్చి ఆయన నడుము చుట్టూ వేసి నలభై ఒకటి అంది. పొట్ట తగ్గకపోతే గుండెకు భారమని, ఉప్పు తగ్గించి రోజూ నడవాలని నెమ్మదిగానే చెప్పింది. అయినా ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు.

"మీ టేపు సాగిపోయినట్టుంది మేడమ్. నాది ముప్పై నాలుగు. కావాలంటే మా ఆవిడని అడగండి, నా ప్యాంట్లు కుట్టేది తనే."

ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

నలభై ఏళ్లుగా టైలర్ని. మా వీధిలో సగం మంది నడుములు నాకు కంఠతా వచ్చు. సొంత మొగుడు బస్ స్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగంలో కూర్చుని కూర్చుని లావెక్కుతుంటే నాకు తెలియకుండా ఉంటుందా? ప్యాంటు వెనక కుట్టు లోపల నేనెప్పుడూ కాస్త గుడ్డ ఎక్కువే వదులుతాను. ఏడాదికోసారి ఇస్త్రీ నెపంతో ఆ కుట్టు విప్పి అర అంగుళం వదులు చేసేదాన్ని. అది పాతబడితే కొత్తది ఆ పెరిగిన కొలతకే కుట్టి, ముప్పై నాలుగే అనేదాన్ని. ఆయన తొడుక్కుని అద్దం ముందు నిలబడి, పెళ్లినాటి కొలత ఇంకా అలాగే ఉందని మురిసిపోయేవారు. ఆ మురిపెం కోసమే చేశాను. ఆయన చిన్నబుచ్చుకుంటే నేను చూడలేను, అదీ నా జబ్బు.

ఇంటికొచ్చాక డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు సొరుగులోకి వెళ్లాయి. నడక మాటెత్తితే, ముప్పై నాలుగు నడుము ఉన్నవాడికి నడకెందుకని పేపరు చాటున దూరారు. అప్పుడు భయం వేసింది నాకు. నా అర అంగుళాలే ఆయన ప్రాణం మీదికి తెచ్చేలా ఉన్నాయి. చెబితే మనసు చివుక్కుమంటుంది. చెప్పకపోతే ఏమవుతుందో తలుచుకుంటేనే పని మీద మనసు నిలవలేదు. ఆ రెండు రోజుల్లో ఒకరి చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టిపెట్టాను.

మూడో రోజు ఆయన ప్యాంటు తిరగేసి ఆయన ఒళ్లో పెట్టాను. కుట్టు విప్పాక ఎంత ఇస్త్రీ చేసినా గుడ్డ మీద సూది గుచ్చిన వరస మిగిలిపోతుంది.

"ఇది పోయినేడు. ఇది అంతకుముందు. ఇది అమ్మాయి పెళ్లప్పుడు," అని వేలు పెట్టి చూపించాను. "డాక్టరమ్మ టేపు సరిగ్గానే ఉందండీ. తప్పంతా నాదే."

కళ్లజోడు పెట్టుకుని వరసలు లెక్కపెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆ గుడ్డను నిమురుతూ, తనూ ఒకటి దాచానన్నారు.

మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బయటి నుంచి వచ్చినప్పుడల్లా ఆయన రెండో అంతస్తు దగ్గర ఆగి, నువ్వు పద, తాళం తియ్యి అని నన్ను ముందు పంపేవారు. రెండేళ్లుగా ఇదే వరస. మహారాజుకు తాళం తీయడానికి కూడా బద్ధకమేనని గొణుక్కుంటూ నేను ఎక్కేదాన్ని. ఆయనేమో అక్కడ నిలబడి ఊపిరి తీసుకునేవారట. నేను కంగారుపడతానని చెప్పలేదట. ఆయాసం వస్తుందా అని డాక్టరమ్మ అడిగినప్పుడు కూడా, పక్కన నేనున్నానని, లేదనేశారట. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ముక్కు చీదుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

మర్నాడు మళ్లీ వెళ్లి ఇద్దరం ఉన్నదున్నట్టు చెప్పాం. ఆవిడ ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టి, మరో రెండు పరీక్షలు చేయించి, మాత్ర మార్చింది. నడక మెల్లగా మొదలుపెట్టమంది. ఆయాసం వస్తే ఆగాలి, పక్కవాళ్లకు చెప్పాలి అంది.

తిరిగొచ్చేటప్పుడు రెండో అంతస్తు దగ్గర ఆయన మెట్ల పక్క కమ్మీ పట్టుకున్నారు. "నువ్వు పద..." అని అలవాటుగా అని, మిగతాది మింగేశారు. నేను కదల్లేదు.

"ఆగు. ఊపిరి అందడం లేదు," అన్నారు.

మెట్టు మీదే కూర్చున్నాం. పై వాటా ఆవిడ బకెట్టుతో దిగుతుంటే పక్కకు జరిగి దారిచ్చాం. ఆయన ఊపిరి కుదుటపడటానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. ఇదివరకైతే ఈపాటికి నేను తాళం తీసి, కాళ్లు కడుక్కుని, వంటింట్లో ఉండేదాన్ని.

"ఇక్కడ ఒక్కణ్ణే నిలబడాలంటే భయమేసేదే," అన్నారాయన, నా వైపు చూడకుండా.