మిరపకట్టె పొగ

పాల్వంచ దాటి అడవి మొదలయ్యేచోట మా కోక్ బట్టీలున్నాయి. బొగ్గుపొడిలో ఎండుకట్టెల పిండి కలిపి బ్రికెట్ దిమ్మలుగా నొక్కి, గాలి చొరని బట్టీలో కాలిస్తే ఇనుము కరిగించడానికి పనికొచ్చే గట్టి కోక్ వస్తుంది. కట్టెలు సరిచూసి మరలోకి పంపడం నా పని. ఈ ఏడు పత్తికట్టె చాలక ముదిగొండ నుంచి మిరపకట్టె తెప్పించారు. కొమ్మలకు మిగిలిన కాయలన్నీ దులిపించాకే పంపాలి.

ఆ శనివారం నేను దులిపించలేదు. శ్రీరామ దీక్షలో ఉన్నాను. సాయంత్రం పూజకు వేళ మించిపోతోందని, "అయింది గానీ, పంపుండ్రి" అనేశాను.

సోమవారం పొద్దున, నా చేతనే మాల వేయించుకున్న బట్టీ కూలీ దూలయ్య బట్టీ మీద నిలబడి ఆ కట్టెతో చేసిన బ్రికెట్లను లోపలికి గుమ్మరించాడు. ఘాటుపొగ ఒక్కసారిగా ఎగదన్నింది. కింద ఉన్న మాకే ఊపిరాడలేదు.

"గింత ఘాటొస్తే దిష్టి లేనట్టే సామీ!" అని దగ్గుతూనే నవ్వాడు. కళ్లు మూసుకుని వెనక్కి ఒక అడుగు వేశాడు. అక్కడ అంచు.

దవాఖానాకు తెచ్చేసరికే ప్రాణం పోయింది. తాగి పడ్డాడని మేనేజర్ కాగితం రాయిస్తుంటే దూలయ్య భార్య భీమక్క అడ్డం వచ్చింది.

"మాలేసినోడు తాగుతడా సార్? ఇరవై రోజులాయె, కల్లుకుండ దిక్కు సూడలే. మాలేసిన గురుసామి ఈడనే ఉన్నడు, అడుగుండ్రి."

మేనేజర్ నావైపు తిరిగాడు. "తాగకపోతే ఎట్ల పడిండు మరి?"

"తాగలేదు సార్" అన్నంతవరకు మాట తేలిగ్గానే వచ్చింది. ఆ తర్వాతిది చెప్పాలంటే శనివారం సంగతి చెప్పాలి. తప్పకూడదనుకున్న ఆ పూజ ఎవరికి చేరినట్టు? పని ఎగ్గొట్టి వెలిగించిన దీపం వైపు రాముడు చూసి ఉంటాడా?

"కట్టెకు కాయలున్నయమ్మా" అన్నాను భీమక్కతో. "దులిపించాల్సింది నేను. దులిపియ్యలే."

మేనేజర్ కలం ఆగిపోయింది.

దీక్షలో పోయినవాడి మాల వేసినవాడే తీయాలని మా కట్టుబాటు. మంచం దగ్గరికి వెళ్లి చేయి చాచాను.

"నువ్ ముట్టకు సామీ."

ఆమే దూలయ్య తల ఎత్తి పట్టుకుని మాల తీసింది. మసి అంటిన ఆ పూసలను కొంగున ముడివేసుకుంది.

నా దీక్షకు ఇంకా ఇరవై ఒక్క రోజులున్నాయి.