మూల నుంచి మూలకు

చిట్టితల్లి సాయంత్రం నాలుగింటికి వస్తూనే సంచి విసిరేసి, ఇక బడికి వెళ్ళనంది. రేపు ప్రేయర్‌లో ఒక మాటకు అర్థమూ పుట్టుకా చెప్పాలట. కిందటి నెల ఇలాగే మైకు ముందు నోరు పెగలక ఏడ్చింది. ఎనిమిదో తరగతి. నేను చదువు మానేసిందీ ఎనిమిదిలోనే.

"ఏం మాటే అది?"

"ఇన్‌కమెన్సురబుల్."

"ఇంతకంటే చిన్నది దొరకలేదా మీ టీచరుకి?"

"లాటిన్ మాట మమ్మీ. కమ్ అంటే కలిపి, మెన్సురా అంటే కొలత, ముందున్న ఇన్ అంటే కాదని. ఇదిగో, ఈ చదరపు టైల్ అంచూ, మూల నుంచి మూలకు గీతా. రెండింటినీ సరిగ్గా కొలిచే పుల్ల ఉండదు."

"ఎందుకుండదు?"

చీపురు పుల్ల విరిచాను, అంచుకు సరిగ్గా ఐదు పట్టేలా. మూలకు వేస్తే ఏడు పట్టి, మెంతిగింజంత జాగా మిగిలింది. ఒళ్ళు మండింది. ఇంకా చిన్నది విరిచాను, అంచుకు పన్నెండు. ఈసారి మూలకు పదిహేడోది దారప్పోగంత బయటికొచ్చింది.

గుమ్మంలో వల బాగుచేస్తున్న మా అత్త తవిటమ్మ నవ్వింది. "ఓలమ్మా, సీపురంతా ఇరిసేత్తన్నావేటే! వల కన్నూ అంతే. అంచు నాలుగు వేళ్ళు, మూలకి ఆరుకి తక్కువ. ఆ తక్కువెంతో మా యమ్మకీ తెల్దు."

"నువ్వుండత్తా. ఇంకా చిన్న పుల్ల కావాలి, అంతే."

"అరే మమ్మీ! చిన్నది దొరక్క కాదు. ఎంత చిన్నది చేసినా కుదరదు. అంచుని సరిగ్గా కొలిచేది మూలగీతని కొలవదు. దాన్ని కొలిచేది దీన్ని కొలవదు. అందుకే ఆ పేరు. సమఝ్ మే ఆయా?" అర్థమైందా అని బళ్ళో అలవాటైన హిందీలో అడిగింది.

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

చెప్పింది. మూడోసారి నడుం మీద చేతులేసుకుని, లాటిన్‌తో సహా, ఎక్కడా తడబడకుండా అరిచి చెప్పింది. అత్త చేతిలో వల ఆగిపోయింది.

"మైకెందుకే గుంటా నీకు? జెట్టీ దాకా ఇనబడిపోనాది."

పొద్దున్న సంచి తనే తగిలించుకుంది. "మమ్మీ, ఇంక ఆ చీపురు వదిలెయ్, ఛోడ్ దే," అని బస్సెక్కింది.

నాకు మాత్రం ఇంకా మింగుడు పడలేదు. అంచుకు ఇరవై తొమ్మిది పట్టే పుల్లతో ఇంకా చూడనేలేదు కదా! గిన్నెలు అలాగే వదిలేసి నేల మీద కూర్చున్నాను.