ఏడో లారీ దిమ్మ

నేను ఒక కాంక్రీటు దిమ్మను. అర అడుగు పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు. బరువు ఎనిమిది కిలోల పైచిలుకు. అందం గురించి మాత్రం అడక్కండి. సైటులో నన్ను క్యూబు అనేవారు. ఇప్పుడు నేనుంటున్న ఇంట్లో నాకు పేరేమీ లేదు కానీ, రోజూ సాయంత్రం నా మీద చెంబుడు నీళ్ళు పోస్తారు. ఎందుకు పోస్తారో చెప్పాలంటే నేను చెప్పిన అబద్ధం గురించి ముందు చెప్పాలి. నోరులేని దిమ్మ అబద్ధమెలా చెబుతుందని నవ్వకండి. మనుషులు తమ నోటితో చెప్పడానికి జంకే అబద్ధాలను మాలాంటి వాటి చేతనే చెప్పిస్తారు.

మా జాతి పుట్టేదే నలిగి చావడానికి. పెద్ద భవనానికి స్లాబు పోసే రోజున, ఆ కాంక్రీటులోంచే కాస్త తీసి ఇనప అచ్చుల్లో మమ్మల్ని పోస్తారు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళతొట్టిలో ఉంచి, ల్యాబుకి తీసుకెళ్ళి, మిషను కింద పెట్టి పగలగొడతారు. ఎంత బరువుకి పగిలామో కాగితం మీద రాసుకుంటారు. మేము గట్టిగా ఉంటే పైనున్న స్లాబు కూడా గట్టిగా ఉన్నట్టే. స్లాబును పగలగొట్టి చూడలేరు కనుక మమ్మల్ని పగలగొట్టి చూస్తారన్నమాట. ఏర్పాటు మంచిదే. ఒక్కటే షరతు. మేమూ, స్లాబూ ఒకే కాంక్రీటై ఉండాలి.

నేను పుట్టింది విజయనగరం బైపాసు పక్కన కడుతున్న నాలుగంతస్తుల షాపుల భవనం దగ్గర, రెండో అంతస్తు స్లాబు పోసిన రోజున. అక్కడి సైటు ఇంజనీరు వాసుదేవరావుగారు. ఇరవై ఏళ్ళ అనుభవం, ఇస్త్రీ చొక్కా, జేబులో ఎప్పుడూ మడత టేపు. స్లాబుకి నాలుగు రోజుల ముందే ఆయన షెడ్డు గోడకి ఒక కాగితం అంటించారు. ఏ మూల మొదలుపెట్టాలి, మొత్తం ఎన్ని లారీల కాంక్రీటు, కాంక్రీటును కుదిపి దించే వైబ్రేటరు ఒకటి పాడైతే రెండోది ఎక్కడుంటుంది, వాన వస్తే ఏ స్తంభాల మధ్య ఆపాలి, అన్నీ అందులో ఉన్నాయి. కమ్ములు చెక్కలకి తగలకుండా కింద పెట్టే కవర్ బ్లాకులను ఆయన మోకాళ్ళ మీద పాకుతూ లెక్కపెట్టారు. ఇది ఆయన్ని వెక్కిరించడానికి చెప్పడం లేదు. ఆయన జాగ్రత్త మనిషి. నా బాధంతా అందుకే.

స్లాబు కింద చెక్కలు పరిచి, వాటిని మోసే జాకీలు నిలబెట్టే సెంట్రింగు మేస్త్రీ ఎర్రన్న. పాలకొండ వైపు మనిషి. చదువు లేదు కానీ చెవి ఉంది. చేతిలోని చిన్న సుత్తితో ప్రతి జాకీనీ తట్టి, ఆ చప్పుడు విని, ఏది బరువు మోస్తోందో ఏది ఊరికే నిలబడిందో చెప్పేవాడు. పోసిన స్లాబు మీద మట్టితో గట్లు కట్టి, పొలంలో మళ్ళలాగా నీళ్ళు నిలబెట్టే పని అతని భార్య చిన్నమ్మిది. మొగుడు కింద, పెళ్ళాం పైన, మధ్యలో స్లాబు. వాళ్ళ కాపురం చాలా ఏళ్ళుగా ఇలాగే సాగుతోంది.

ఉదయం ఏడూ పన్నెండుకి ముహూర్తం. మొదటి లారీ అక్షరాలా ఆ వేళకే వచ్చింది. దానికి పసుపూ కుంకుమా పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, యజమాని చేత్తో మొదటి గమేళా పోయించారు. అంతా నవ్వుమొహాలతో ఉన్నారు. ఆ తీరిక సమయంలో వాసుదేవరావుగారు స్వయంగా కూర్చుని మమ్మల్ని పోశారు. పది అచ్చులు. మూడు పొరలు, పొరకి ఇనప కడ్డీతో ముప్పై ఐదు పోట్లు. తల్లి అన్నం కలిపి పెట్టినంత ఓపిగ్గా పొడిచారు. మేము పదిమందిమీ ఆ మొదటి లారీ బిడ్డలమే.

మర్నాడు అచ్చులు విప్పాక ఆయన ఎర్ర రంగుతో మా వీపుల మీద రాశారు. ముగ్గురి మీద ఒకటో లారీ, ముగ్గురి మీద నాలుగో లారీ, ముగ్గురి మీద ఏడో లారీ. పదోదాన్ని నేను. ఎవరైనా దారిలో విరిగితే పనికొస్తానని అదనంగా ఉంచి, నా మీదా ఏడో లారీ అనే రాశారు. ఇందులో ఆయనకి మోసమేమీ కనిపించలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన ఇలాగే రాస్తున్నారు. ఆయనకి పని నేర్పినవాళ్ళూ అలాగే రాశారు. పొద్దున్నయితే చేతులు ఖాళీ, అచ్చులు శుభ్రం. మధ్యాహ్నం ఆ హడావుడిలో క్యూబులు ఎవరు పోస్తారు? లారీలన్నీ ఒకే ప్లాంటు నుంచి వస్తాయి, అన్నీ ఒకటే గదా అనుకుంటారు.

అన్నీ ఒకటి కావు. నేను ఇంకా అచ్చులోనే పచ్చిగా ఉండగా ఏడో లారీ రావడం చూశాను.

బైపాసు మీద కొబ్బరికాయల లారీ ఒకటి బోల్తాపడి దారి మూసుకుపోయింది. పదకొండుకి రావలసిన ఏడో లారీ రెండున్నర దాటాక వచ్చింది. ఆ ఎండలో, ఆ డ్రమ్ములో కాంక్రీటు బిగుసుకుపోయింది. గొట్టంలోంచి జారనే లేదు. మిగిలిందల్లా రోడ్డు వైపు చజ్జా, అంటే షాపుల బోర్డుల కోసం స్తంభాలు దాటి ఆరడుగులు ముందుకి పొడుచుకొచ్చిన స్లాబు. కింద స్తంభం లేకుండా గాలిలో నిలబడవలసింది అదొక్కటే.

ఎర్రన్న కిందికి దిగి వచ్చి లారీ వెనక నిలబడి చూశాడు.

"బాబూ, దీన్ని ఎనక్కి పంపీండి. ఇందల సరుకు సచ్చిపోనాది."

"పంపేస్తే ఇంకోటి రావడానికి చీకటిపడుతుంది ఎర్రన్నా. ఆపాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయాం. ఇక్కడ ఆపితే అతుకు సరిగ్గా చజ్జా మొదట్లో పడుతుంది. అది ఇంకా ప్రమాదం."

"మరి నీలు కలిపితేనో?"

వాసుదేవరావుగారు షెడ్డు వైపు చూశారు. గోడ మీది కాగితంలో వానకి ఏం చెయ్యాలో ఉంది గాని కొబ్బరికాయల లారీకి ఏం చెయ్యాలో లేదు. పైన పాతికమంది కూలీలు నిలబడి ఉన్నారు. "కొంచెం పొయ్యండి" అన్నారు. డ్రైవరు డ్రమ్ములోకి పైపు పెట్టాడు. కొంచెం అన్నది చాలాసేపు పారింది. నీళ్ళెక్కువై బలం చచ్చిన కాంక్రీటు పులుసులా జారి చజ్జాలోకి వెళ్ళిపోయింది. ఆయన ఆ వైపు చూడకుండా వాచీ చూసుకున్నారు.

తర్వాతి రోజులు నేను తొట్టిలో సుఖంగా గడిపాను. పైన చిన్నమ్మి మళ్ళు కట్టి పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్ళు పెట్టేది. పన్నెండో రోజు మోటారు కాలిపోయింది. ఆ మధ్యాహ్నం మళ్ళు ఎండిపోయాయి. సాయంత్రం ఆమె బోరింగు నుంచి బిందెలతో మోసి తడిపి, వచ్చి వాసుదేవరావుగారితో చెప్పింది. "ఒక్క పూటకి ఏం కాదులే చిన్నమ్మీ" అన్నారాయన. నిజమే చెప్పారు. ఈ కథలో ఆయన చెప్పిన నిజాల్లో అదొకటి.

ఇరవై ఎనిమిదో రోజున నా అన్నదమ్ములు తొమ్మిదిమందీ ల్యాబుకి వెళ్ళి పగిలిపోయారు. కాగితం వచ్చింది. వాళ్ళు వెళ్ళాక నన్ను తొట్టిలోంచి తీసి, గాలికి ఎగరకుండా ఆ కాగితాల మీదే బరువుగా పెట్టారు. అందుకే ఆ మాటలన్నీ విన్నాను. ఎర్రన్న సుత్తి పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు.

"బాబూ, సజ్జా కాడ సప్పుడు డొల్లగొస్తంది. ఇంకో పది దినాలు జాకీలు ఉంచుదుమా?"

వాసుదేవరావుగారు నన్ను పక్కకి జరిపి కాగితం తీసి చూశారు. ఏడో లారీ అన్న వరస మీద వేలు పెట్టారు. ఆ వేలు అక్కడ ఒక్క క్షణం ఆగింది. తాను పొయ్యమన్న నీళ్ళు ఆయనకి గుర్తొచ్చాయనే అనుకుంటాను. కానీ కాగితం మీద అంకె అచ్చయి ఉంది, కింద సంతకం ఉంది, ముద్ర ఉంది. తాను రాసిన రాతే ఊరంతా తిరిగి ముద్ర వేయించుకుని వచ్చేసరికి ఆయనే దాన్ని నమ్మేశారు.

"ముప్పై రావాల్సిన చోట ముప్పై ఎనిమిది వచ్చింది ఎర్రన్నా. ఇంకేం భయం? పై స్లాబుకి ఆ జాకీలు కావాలి. రేపు విప్పేయ్."

ఎర్రన్న కాగితం వంక చూశాడు. చదవలేడు కనుక దాని మీద గౌరవం ఎక్కువ. "కాయితంలో అలగున్నాదా? అయితే మరేటి" అన్నాడు. తన చెవిని పక్కన పెట్టి నా మాట నమ్మాడు. నేను ఆ చజ్జాలోదాన్ని కాదురా, ముహూర్తం లారీదాన్ని అని అరవాలనిపించింది. దిమ్మ ఎలా అరుస్తుంది?

మర్నాడు పదింటికి అతను జాకీలు విప్పడం మొదలుపెట్టాడు. ఎలా విప్పాలో అలాగే విప్పాడు, చివరి నుంచి లోపలికి, ఒక్కొక్కటీ తట్టి వింటూ. మిగతావాళ్ళని దూరంగా నిలబెట్టి తనొక్కడే వెళ్ళాడు. ఆఖరి వరసలో రెండోది విప్పేసరికి చజ్జా మొదలంటా విరిగి కిందికి వచ్చింది. చిన్నమ్మి డ్రమ్ము దగ్గర నీళ్ళు పడుతోంది. ఆమె చేతిలోని పైపు అలా పారుతూనే ఉంది. ఎవరూ కట్టలేదు.

శిథిలాలను ఆ సాయంత్రమే జేసీబీతో ఎత్తించేశారు. అందులోంచి ఒక్క ముక్క ఉంచి ల్యాబుకి పంపినా సరిపోయేది. పంపలేదు.

ఎర్రన్న పోయిన పదహారో రోజున ఇద్దరు ఆఫీసర్లు విచారణకి వచ్చారు. నేను బల్ల మీదే ఉన్నాను. వాళ్ళు నన్ను ఎత్తి కాగితాలు తీసి చదివారు. "కాంక్రీటు బాగానే ఉందే" అన్నాడొకాయన. "మరి కూలడమెందుకు?" కాంట్రాక్టరు మనిషి గొంతు సవరించుకుని, క్యూరింగు, అంటే నీళ్ళు పెట్టడం, సరిగ్గా జరగలేదేమో సార్ అన్నాడు. క్యూరింగు చూసేదెవరని అడిగారు. చిన్నమ్మిని పిలిచారు. తెల్ల చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి నిలబడింది.

"రోజూ నీళ్ళు పోశావా అమ్మా?"

"పోసినాను బాబూ. ఒక్క మద్దేనం పొయ్యనేదు. మోటారు కాలిపోనాది."

ఆఫీసర్లు మొహమొహాలు చూసుకున్నారు. కలం కదిలింది. ఆమె ఆ కలం వంకా, వాళ్ళ మొహాల వంకా చూసింది. ఆమెకి అప్పుడే తట్టింది. "అందికేనా బాబూ? ఆ ఒక్క మద్దేనానికేనా?" అని అడిగింది. ఒక్క పూట నీళ్ళు లేకపోతే చజ్జా కూలదు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు, చిన్నమ్మికి తప్ప. వాసుదేవరావుగారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఒక్క మాట చాలు, ఈ దిమ్మలన్నీ మొదటి లారీవి అంటే చాలు. ఆయన పెదవులు కదిలాయి. నీళ్ళు నమిలి ఊరుకున్నారు.

చజ్జా మళ్ళీ పోశారు. ఈసారి గట్టిగానే పోశారు. భవనం పూర్తయి, షెడ్డు పీకేసే రోజున చిన్నమ్మి వచ్చి నన్ను చూపించి, "ఈ రాయి ఒట్టుకుపోదునా బాబూ? మా ఇంటోడు పోసిన స్లాబుదంట గదా" అని అడిగింది. వాసుదేవరావుగారు నా వీపు మీది ఎర్ర అక్షరాలను చూశారు. "తీసుకెళ్ళు" అన్నారు. పీడ విరగడైందన్నట్టుగా అన్నారా, ఇంకేదైనానా, నాకిప్పటికీ తెలియదు.

అప్పట్నుంచి చిన్నమ్మి పెరట్లో, గిన్నెలు తోముకునే చోట ఉన్నాను. ఆమె మళ్ళీ ఏ స్లాబుకీ నీళ్ళు పెట్టలేదు. పిలిచినా వెళ్ళదు. ఒక టిఫిన్ హోటల్లో ప్లేట్లు కడుగుతుంది. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కోకముందే నా మీద చెంబుడు నీళ్ళు పోసి, "తాగు. ఆ దినం నీకు పొయ్యనేదు గదా" అంటుంది. తొమ్మిదేళ్ళయింది. జ్వరం వచ్చిన రోజున కూడా పాక్కుంటూ వచ్చి పోసింది. నా ఒంట్లో దయ అంటూ ఉంటే ఆ నీళ్ళకి కరిగిపోయి ఉండేదాన్ని. కాంక్రీటు నీళ్ళకి కరగదు. ఇంకా బిగుసుకుంటుంది.

మొన్న వాసుదేవరావుగారు వచ్చారు. ఉద్యోగం మానేశారట. జుట్టు మొత్తం నెరిసింది, చొక్కాకి ఇస్త్రీ లేదు. అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నారు. చిన్నమ్మి పీట వేసింది, గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగలేదు. పెరటి వైపు చూసి నన్ను పోల్చుకున్నారు. లేచి వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని వీపు మీద బొటనవేలితో రుద్దారు. తొమ్మిదేళ్ళ నీళ్ళకి మిగతా అక్షరాలు పోయాయి గాని ఏడు ఇంకా కనిపిస్తుంది. అది పోలేదు.

"నీ తప్పేమీ లేదు చిన్నమ్మీ" అన్నారు, ఆమె వైపు తిరక్కుండానే.

"మరెవులిది బాబూ?"

కిందటిసారి ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు అడిగింది. ఆమె కూడా నా దగ్గరికి వచ్చి, చెంబు చేత్తో పట్టుకుని, ఆయన చెప్పేదాకా నిలబడింది. నేను ఊపిరి బిగబట్టాను. మాకూ ఊపిరి ఉంటుంది, చిన్న చిన్న రంధ్రాల్లో. ఆయన కళ్ళు తడిశాయి. చివరికి, "ఎవరిదీ కాదమ్మా. అలా జరగాలని ఉంది" అన్నారు. లేచి చెప్పులు వేసుకున్నారు.

చిన్నమ్మి వీధి చివరిదాకా వెళ్ళి ఆయన్ని సాగనంపి వచ్చింది. వస్తూనే నాతో, "మంచోలు. నా మనసు నొచ్చుకుంటాదని అలగంతన్నారు" అంది.

ఆ సాయంత్రం నా మీద రెండు చెంబులు పోసింది.