చేపల డబ్బాల్లో సీడమ్

దేశంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అందరూ కలిసి మొదటిసారి ఓటేసే రోజున ఊళ్లు తగలబడతాయని భయపడి, ఉమ్‌హ్లాలి ఊళ్లో పైడమ్మ వంటగది నిండా నిల్వ చేపల రేకు డబ్బాలు దాచింది. ఓట్లు చల్లగా ముగిశాయి. నెలల తరబడి ఇంట్లో చేపల కూరే. ఖాళీ డబ్బాల అడుగున కూతురు దేవిక మేకుతో చిల్లులు పొడిచి, గులక ఇసుక నింపి, తక్కువ నీటితో బతికే, లావుపాటి ఆకుల సీడమ్ మొక్కలు నాటింది.

దూరాన మొబేనిలో ఫ్యాక్టరీ పని దొరికి దేవిక అక్కడే గది తీసుకుంది. "మానేయవే, ఆడపిల్లవి" అని, కూతురు ఇంటికొచ్చి తిరిగి బస్సెక్కే ప్రతిసారీ పైడమ్మ గోల. మొక్కలనైనా కాపాడాలని, రోజూ తులసమ్మకు పోసిన చెంబుతోనే వాటికీ పోసింది. దేవిక వచ్చేసరికి ఆకులు కుళ్లి జావయ్యాయి.

"హాయిబో, మా! ముంచి సంపేసినావే!"

"దాహానికి సస్తాయని బయమేసిందే!"

కోళ్లగూటి రేకు మీద, పైడమ్మ చెయ్యి అందని చోట, ఒక్క డబ్బా మాత్రం మిగిలింది. ఎండకు ఆకుల అంచులు ఎర్రబారి, మొక్క బొద్దుగా కిందికి జాలువారుతోంది. దేవిక దాని రెమ్మలు తుంచి పొడి ఇసుకలో గుచ్చింది.

"ఏరు లేని రెమ్మ బతుకుద్దా?"

"వదిలేస్తే బతుకుద్ది, మా."

పైడమ్మ ఆ చిట్టి రెమ్మలను ముచ్చటగా, ఆశ్చర్యంగా చూసింది. సాయంత్రం బస్సు దగ్గర 'మానేయవే' అన్న పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఆదివారం వచ్చి సూసుకో. సుక్క నీరు కూడా పొయ్యను," అంది.