కర్ర లేని నీడ

పొద్దున్నే వాకిలి ఊడవడంలో జుమ్వాకి ఒక పద్ధతుంది. మేకల దడి దగ్గర మొదలుపెట్టి, పొయ్యి చుట్టూ తిరిగి, నీడ దగ్గరికి వచ్చేసరికి చీపురు పక్కన పెడుతుంది. వంగి, నీడ మీద పడిన ఆకుల్ని చేత్తో ఏరుతుంది. చీపురు తగలనివ్వదు. తర్వాత చుట్టూ తిరిగి అవతలివైపుకి వెళ్ళి మళ్ళీ ఊడవడం మొదలుపెడుతుంది. పెద్దవాళ్ళు పడుకున్న చాప పక్కన ఎవరైనా అలాగే ఊడుస్తారు కదా.

ఆ నీడ ఆమె తాత చంగావాది. అంటే ఆయన కిగాంగోది. మావైపు పెద్దల సంఘంలో కూర్చున్న మగవాడు పోతే, చేవ ఉన్న కర్రలో ఆయన్ని చెక్కించి నేలలో నిలబెడతారు. గుండ్రటి తల, చదునైన ఒళ్ళు, చేతులుండవు. ఆ కర్రే కిగాంగో. పోయినాయన అందులో ఉంటాడు. నడుముకి గుడ్డ కట్టి, పాదాల దగ్గర కల్లు పోసి, ఇంట్లో సంగతులన్నీ ఆయనకి చెప్పుకుంటారు. ఒకసారి పాతాక కదపకూడదు. ఊరంతా లేచి వేరేచోటికి వెళ్ళినా సరే, ఆయన్ని అక్కడే ఉంచి వెళ్ళాలి.

కరువొచ్చిన ఏడాది ఊరు నీళ్ళు వెతుక్కుంటూ వాగు దాటి ఇవతలికి వచ్చేసింది. చంగావా అవతలే ఉండిపోయాడు, ఒక్కడే. పద్ధతి ప్రకారం అంతా సక్రమంగా చేశామనుకున్నారు. ఆ పద్ధతి దొంగలకి బాగా పనికొచ్చింది. కాపలా లేని కర్రని పెకలించి లారీలో వేసుకుపోయారు. ఇళ్ళలో గోడకి ఆనించుకుని చూసుకోవడానికి అలాంటివి కొనేవాళ్ళు సముద్రం అవతల ఉన్నారని తర్వాత తెలిసింది.

కర్ర పోయిన కొన్నాళ్ళకి ఒకరోజు తెల్లారి జుమ్వా తల్లి తలుపు తీస్తే వాకిట్లో నీడ పడి ఉంది. పైన ఏమీ లేదు. ఆవిడ ఇంట్లోకి తిరిగి, "మామయ్యగారొచ్చారు. రాత్రి కల్లు ఏమన్నా మిగిలిందా?" అని మొగుణ్ణి అడిగింది. అప్పట్నుంచీ ఆ నీడ ఇక్కడే ఉంది. పొద్దున పొడుగ్గా పడుతుంది, మధ్యాహ్నానికి చేటంత అవుతుంది, సాయంత్రం మేకల దడి దాకా సాగుతుంది. కర్రపెండలం ముక్కలు ఎండబెట్టేవాళ్ళు దాన్ని చూసి చాప జరుపుకుంటారు. ఎవరూ దాన్ని దాటరు. తాతని కాళ్ళతో దాటే మనిషి ఈ వాగుకి ఇటూ అటూ పుట్టలేదు.

జుమ్వా తండ్రి థోయ ఆ చంగావాకి పెద్దకొడుకు. ఆయన తల పూర్తిగా నెరిసిపోయింది. నెరిసిన తల మావైపు మంచిది కాదు. ఎవరి పిల్ల ఎందుకు పోయింది, ఎవరి ఆవుకి ఎందుకు చూలు నిలవలేదు అని బంధువులు ఆలోచించడం మొదలుపెట్టారంటే, ఆ ఆలోచన చివరికి తెల్లజుట్టు దగ్గర ఆగుతుంది. చేతబడి అంటారు. ఆపైన కత్తులొస్తాయి. అందుకే భర్త పోయి పుట్టింటికి చేరిన జుమ్వా, బాంబా సంతకి వెళ్ళినప్పుడల్లా తండ్రి తలకి నల్లరంగు కొనుక్కొస్తుంది.

"తల వంచు నాన్నా."

"వద్దే. ఈ కంపుకి కోళ్ళు కూడా నా దగ్గరికి రావడం లేదు."

"కోళ్ళు రాకపోతే పోయాయి. కత్తులు రాకుండా ఉంటే చాలు."

"కల్లు దగ్గర నన్ను పెళ్ళికొడుకా అని పిలుస్తున్నారు, తెలుసా?"

"పిలవనీ. బతికున్న పెళ్ళికొడుకువి."

థోయ నవ్వి తల వంచేవాడు. కానీ రంగు జుట్టుకే పడుతుంది, మనిషి వయసుకి పట్టదు.

ఆయన తమ్ముడు బాయా ఎప్పుడో పోయాడు. ఆ బాయా కొడుకు కిత్సావో పక్కనే ఇల్లు వేసుకుని ఉంటున్నాడు. కిత్సావోకి మొదటి కొడుకు పుడితే, ఆనవాయితీ ప్రకారం పిల్లవాడి తాత బాయా పేరే పెట్టారు. దాంతో థోయకి పోయిన తమ్ముడు బుడిబుడి నడకలతో తిరిగొచ్చినట్టయింది. "ఏరా తమ్ముడూ, పొలం ఎవరికి వదిలేసి ఊరేగుతున్నావు?" అని ఆ పసివాణ్ణి నిలదీసేవాడు. లేత కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు తనే పట్టించేవాడు. వాడు సగం గడ్డం మీద ఒలకబోసుకునేవాడు. "తమ్ముడు మారలేదే, చిన్నప్పుడూ ఇంతే," అని థోయ మురిసిపోయేవాడు.

పెద్దవానల్లో ఆ పిల్లవాడికి చలిజ్వరం వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళే దారి నీళ్ళలో మునిగి ఉంది. వాడు దక్కలేదు.

కిత్సావో సోదె అడగడానికి వెళ్ళాడు. కడుపు కాలినవాడు ఎక్కడికైనా వెళతాడు. "నీ ఇంటి చుట్టుపక్కల ఉన్న ముసలివాడే, చేతులారా తాగించినవాడే," అని చెప్పారట. పిల్లవాణ్ణి మట్టిచేసే రోజు థోయ ఏడుస్తూ వెళితే కిత్సావో ఎదురొచ్చి రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి తోశాడు. అందరి ముందూ. థోయ అలాగే వెనక్కి వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. ఆ మట్టి మీద ఒక కన్నీటిచుక్క రాల్చే వీలు కూడా లేకపోయింది ఆయనకి.

తర్వాత ఒక సాయంత్రం వాళ్ళొచ్చారు. ముందు కిత్సావో, వెనక దూరపు చుట్టాలు గోనా, మ్వంబీరె. ఆ వెనక ఇద్దరికీ దుఃఖం కన్నా థోయ కొబ్బరిచెట్ల మీద చూపు ఎక్కువ. ముగ్గురి చేతుల్లోనూ కత్తులున్నాయి. థోయ ఇంట్లో ఉన్నాడు; బయట వంటపాకలో ఉన్న జుమ్వా పరుగున వచ్చేసరికే వాళ్ళు వాకిట్లో ఉన్నారు.

ఆ వేళకి మేకల దడి వైపు సాగి ఉండాల్సిన నీడ, అటు లేదు. ఇంటి వైపు తిరిగి, గుమ్మానికి అడ్డంగా పడి, గోడ వెంట వంపు తిరిగి, వెనకనున్న స్నానాల దడిని కూడా కలుపుకుని ఇంటిని చుట్టేసింది. దాని తల వచ్చి దాని పాదాలకి ఆనింది.

ముగ్గురూ దాని అంచున ఆగారు.

"నీడేగా, పద," అన్నాడు గోనా.

"అయితే నువ్వు దాటు," అన్నాడు కిత్సావో.

"నేనెందుకు? తాత నీకు."

"మీ అమ్మవైపు నుంచి నీకూ తాతే."

"మ్వంబీరెకి ఏమీ కాడు కదా. నువ్వెళ్ళరా," అన్నాడు గోనా, అతని వైపు తిరిగి.

"ఏమీ కానివాణ్ణి దాటితే ఇంకా పాపం," అన్నాడు మ్వంబీరె, అప్పటికే రెండడుగులు వెనక్కి వేస్తూ.

పొద్దు కుంకితే పోతుందని కూర్చున్నారు. పొద్దు కుంకింది. చీకట్లో కూడా నీడ చీకటికన్నా నల్లగా, ఉన్నచోటే ఉంది. ముగ్గురూ లేచి దులుపుకుని వెళ్ళిపోయారు.

థోయ ప్రాణం అలా దక్కింది. అయితే ఆ నీడని వాళ్ళెంత దాటలేరో ఆయనా అంతే దాటలేడు. సొంత తండ్రాయె. ఇల్లూ, దడీ, గుమ్మంలోంచి కనపడినంత ఆకాశం, అంతే మిగిలింది ఆయనకి. కాళ్ళు దాటకూడదు గాని వస్తువులు అందించుకోవచ్చని ఊళ్ళో పెద్దలు తీర్పు చెప్పారు. కొబ్బరికాయలు కోసే దోటీ చివర బుట్ట కట్టి జుమ్వా రోజూ మొక్కజొన్న సంకటీ, ఆకుకూరా తండ్రికి అందించేది. నీళ్ళడబ్బా కూడా అలాగే. రెండు వానాకాలాలు అలాగే గడిచిపోయాయి. తలకి రంగు వేసేవాళ్ళు లేక జుట్టు మళ్ళీ తెల్లబడిపోయింది. కిత్సావో రోజూ తన వాకిట్లో నిలబడి ఆ నీడని చూసి లోపలికి వెళ్ళేవాడు.

ఇలా ఉండగా మోటారుసైకిలు మీద ఒకావిడ వచ్చింది. పాతవస్తువుల శాఖలో పనిచేస్తుందిట. మా మనిషే, నీడని చూడగానే చెప్పులు విప్పి అంచున కూర్చుంది.

"పెద్దాయనా, మీ నాన్నగారు దొరికారు," అంది. "చలిదేశంలో, ఒక మ్యూజియంలో అద్దం వెనక నిలబెట్టారు. తిరిగి పంపడానికి ఒప్పుకున్నారు. పెద్దకొడుకుగా మీరు సరేనంటేనే తెస్తాం."

ఊరంతా చేరింది. అందరికన్నా ముందు కిత్సావో అన్నాడు: "తెచ్చెయ్యండి మేడం. పాత చోటే పాతుదాం. గుంట నేనే తవ్వుతాను."

కర్ర వచ్చి నిలబడితే నీడ దాని కిందికి వెళ్ళిపోతుంది. గుమ్మం తెరుచుకుంటుంది. ఆ సంగతి ఊళ్ళో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు.

జుమ్వా నీడ అంచుకి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "నాన్నా, వద్దని చెప్పు."

థోయ గుమ్మంలో కూర్చుని నీడకేసి చూశాడు. "ఇన్నేళ్ళూ ఆయన అక్కడ నీడ లేకుండా నిలబడ్డాడే," అన్నాడు. "ఎవరి మనిషివి అని అడిగే దిక్కులేదు. కల్లు పోసేవాడు లేడు. నా ప్రాణం కోసం మా నాన్నని పరాయివాళ్ళ అద్దాల పెట్టెలో ఉంచమంటావా?"

"ఆయన పోయి ఎన్నేళ్ళయింది! నువ్వు బతికున్నావు. అమ్మా పోయాక నాకున్నది నువ్వొక్కడివే."

"ఆయనకున్నదీ నేనే కదా." ఆ తర్వాత శాఖ నుంచి వచ్చినావిడ వైపు తిరిగి, "తీసుకురామ్మా," అన్నాడు.

జుమ్వాకి ఒళ్ళు మండిపోయింది. ఆ పూట దోటీ ముట్టుకోలేదు. సంకటి చల్లారిపోయాక మనసొప్పక, ఏడుస్తూనే మళ్ళీ వెచ్చబెట్టి అందించింది.

కర్ర వచ్చింది. పెట్టెలోంచి తీసి, వాగు అవతలికి మోసుకెళ్ళి, పాతచోటే నిలబెట్టారు. డప్పులు మోగాయి. ఎర్రగుడ్డా తెల్లగుడ్డా కట్టారు. ముసలివాళ్ళు కల్లు పోస్తూ, ఇన్నేళ్ళ చావులూ పుట్టుకలూ ఆయనకి ఒక్కొక్కటే చెప్పారు. ఊరంతా అక్కడే ఉంది. ఇవతల వాకిట్లో జుమ్వా ఒక్కతే రోకలి పట్టుకుని, తండ్రికి కాపలా నిలబడింది.

డప్పుల మోత ఆగగానే నీడ కదిలింది. చుట్టు వదులు చేసుకుని, గోడ దిగి, వాకిలి దాటి, కాలిబాట వెంట వాగువైపు బయల్దేరింది. గుమ్మం ముందు నేల ఎండలో తెల్లగా బయటపడింది.

థోయ లేచాడు. చేతికర్ర పట్టుకుని, అన్నాళ్ళకి మొదటిసారి గుమ్మం దిగి ఎండలోకి వచ్చాడు. ఆయన నీడ, నడుము వంగినది, కర్ర పట్టుకున్నది, ఆయన కాళ్ళ దగ్గర పడింది. కాసేపు అక్కడ ఉండి, పాదాల నుంచి విడివడి, అదీ కాలిబాట పట్టింది.

ఆ రెండు నీడలూ వాగు దగ్గర ఒకచోటికి చేరడం జుమ్వా చూసింది. చాలాకాలానికి కలుసుకున్న చుట్టాల్లా ఆగాయి. తర్వాత వంగినది వాగు దాటి అవతలికి వెళ్ళింది. పొడుగ్గా ఉన్నది వెనక్కి తిరిగి వచ్చి థోయ పాదాలకి అతుక్కుంది. గుండ్రటి తల, చదునైన ఒళ్ళు. థోయ చెయ్యి ఎత్తి చూశాడు. నీడలో ఏ చెయ్యీ లేవలేదు.

అవతల నుంచి అరుపులు వినపడ్డాయి. కొత్తగా పాతిన కిగాంగో కింద, కర్ర ఊతంగా వంగి నిలబడ్డ ముసలివాడి నీడ పడిందట. పోయినవాళ్ళ దగ్గరికి నీడ చేరిన మనిషి ఎక్కువకాలం బతకడని మావైపు అందరికీ తెలుసు. థోయకీ తెలుసు. జుమ్వా రోకలి వదిలేసి మొహం కప్పుకుంది.

కిత్సావోవాళ్ళు వాగు దాటి పరుగున వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగిపోయారు. తాత నీడ ఇప్పుడు గుమ్మం దగ్గర లేదు. ముసలివాడితో పాటు నడుస్తోంది. థోయ వాళ్ళవైపు అడుగేస్తే నీడ ముందుకొచ్చింది, వాళ్ళు వెనక్కి జరిగారు. గోనా, మ్వంబీరె ఏదో గొణుక్కుంటూ పొలాల్లో పడి వెళ్ళిపోయారు. కిత్సావో కత్తి పట్టుకునే నిలబడ్డాడు.

థోయ అతన్ని చూడనేలేదు. నేరుగా కిత్సావో పెరట్లోకి నడిచాడు. అక్కడ జీడిమామిడి చెట్టుకి అవతల, ఎండలో, గడ్డి మొలిచిన చిన్న మట్టిదిబ్బ ఉంది. దాని పక్కన మెల్లగా కూర్చున్నాడు. చంగావా నీడ ఆ దిబ్బ మీద నిండుగా పడింది.

"తమ్ముడూ," అన్నాడు దాన్ని నిమురుతూ. "ఆలస్యమైందిరా. నన్ను రానివ్వలేదు." ఇక ఆపుకోలేక బావురుమన్నాడు. పసివాణ్ణి పోగొట్టుకున్న అన్నలా ఏడ్చాడు.

వెనకే వచ్చిన కిత్సావో నీడ అంచున ఆగిపోయాడు. తన కొడుకు దిబ్బ దగ్గరికి తనే వెళ్ళలేకపోయాడు. ఎండ మాడుస్తోంది. అతను కదల్లేదు, వెళ్ళిపోనూ లేదు. చేతిలో కత్తి ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలియలేదు.

"పెదనాన్నా," అన్నాడు చాలాసేపటికి. "నాకు కాస్త చోటివ్వు."

థోయ కళ్ళు తుడుచుకుని, చేతులు నేలకి ఊని, కష్టంగా పక్కకి జరిగాడు. ఆయనతో పాటు నీడా జరిగింది. దిబ్బలో సగం ఎండలోకి వచ్చింది.

"రా. కూర్చో," అన్నాడు.

కిత్సావో వచ్చి కూర్చున్నాడు.